జవాబు ఎవరు రాసి ఉంటారు?

వరి చేలో అక్కడక్కడా గుండ్రంగా, సుడులు తిరిగినట్టు పైరు ఎండిపోతుంటే అదేమిటో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దోమపోటు అంటాడు. ఫోను తీసి "దోమపోటుకు ఏ మందు కొట్టాలి" అని గూగుల్‌లో అడిగితే మందుల ప్రకటనలు, దుకాణాల వీడియోలు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన సలహాలు గుట్టగా వచ్చి పడే అవకాశమే ఎక్కువ. అదే పురుగు గురించి "వరి సుడిదోమ సమగ్ర యాజమాన్యం" అని రాసి, పక్కన వ్యవసాయ విశ్వవిద్యాలయం అని చేర్చి చూస్తే దారి మారుతుంది. గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, అక్కడికి దగ్గర్లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ వరి పరిశోధన సంస్థ, ఇక్కడ పనిచేసే శాస్త్రవేత్తలు తెలుగులో రాసేటప్పుడు వాడే మాట సుడిదోమ. వాళ్ల సిఫార్సుల్లో మందు పేరు కంటే ముందు, నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని, మధ్యమధ్య మడిని ఆరబెట్టమని, నత్రజని ఎరువు మోతాదు మించనివ్వొద్దని ఉంటుంది. మొదటి ప్రశ్నలో మందుకు తప్ప మరో జవాబుకు చోటే లేదు.

ఇంటర్నెట్‌లో బాగా వెతకడం అనగానే చాలామందికి కొటేషన్ గుర్తులు, కోలన్లు, చిట్కాల పట్టికలు గుర్తుకొస్తాయి. అవి పనికొస్తాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం. అసలు నేర్పు మాత్రం టైపు చేయడానికి ముందు ఉంది. ఈ సంగతి ఎవరికి తెలిసి ఉంటుంది? ఎవరి కోసం రాసి ఉంటారు? ఏ కాలంలో, ఏ భాషలో, ఏ మాటలతో? ఈ మాత్రం ఆలోచనకు అర నిమిషం చాలు. మన మనసులో ఉన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు అప్పజెప్పడం మానేసి, జవాబు ఉన్న పేజీని ఊహించుకుని, ఆ పేజీలో తప్పకుండా ఉండే మాటలను రాస్తే వెతుకులాట సగం అయిపోయినట్టే అని నేను వాదిస్తున్నాను.

సెర్చ్ ఇంజన్ పనిచేసే తీరే ఈ వాదనకు ఆధారం. మనం నొక్కిన క్షణంలో అది లోకమంతా తిరిగి రాదు. ముందుగానే పేజీలు చదివి, ఏ మాట ఏయే పేజీల్లో ఉందో సూచిక కట్టి పెట్టుకుంటుంది. లావుపాటి గ్రంథం చివర అచ్చేసే పదసూచిక లాంటిదే అది. కాకపోతే గూగుల్ చెప్పే లెక్క ప్రకారం ఆ గ్రంథానికి పదివేల కోట్లకు పైగా పేజీలు. ఇన్ని పేజీల్లో ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది పాత ప్రశ్నే. 1972లో కేంబ్రిడ్జ్ పరిశోధకురాలు కారెన్ స్పార్క్ జోన్స్ దానికి చక్కని జవాబు చెప్పింది. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాట వెతకడానికి పెద్దగా సాయపడదు, కొద్ది పత్రాల్లోనే ఉండే మాటే గురి చూపిస్తుంది. "ఎలా", "మంచిది", "సమాచారం" లాంటివి ప్రతిచోటా ఉంటాయి. "సుడిదోమ" అలా ఉండదు. ఆ తర్వాత 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మరో సంగతి కలిపారు. ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎంత పేరున్న పేజీలు లింకు ఇస్తున్నాయో చూసి దాని స్థానం నిర్ణయించారు. గూగుల్ ఎదుగుదలకు పునాది అదే. అంటే మన ముందుకు వచ్చే జాబితాలో రెండు సంగతులు కలిసి ఉంటాయి: మన మాటలతో పేజీ ఎంత కలిసింది, ఆ పేజీకి లోకంలో ఎంత పలుకుబడి ఉంది. ఇందులో మన చేతిలో ఉన్నది మొదటిదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఇప్పుడు సెర్చ్ ఇంజన్లు మాటల్ని కాకుండా భావాన్ని పట్టుకుంటున్నాయి కదా, ఈ కసరత్తు దేనికి? నిజమే, 2019లో గూగుల్ బెర్ట్ అనే భాషా నమూనాను ప్రవేశపెట్టింది. వాక్యంలో చిన్న విభక్తి మార్పు కూడా అర్థాన్ని ఎలా మారుస్తుందో అది గుర్తించగలదు. అప్పట్లో అమెరికాలో ఇంగ్లిషులో వెతికే ప్రతి పది ప్రశ్నల్లో ఒకదానిపై దాని ప్రభావం ఉందని కంపెనీ చెప్పింది. ఆ తర్వాత ఈ శక్తి ఇంకా పెరిగింది. రైలు సమయాలు, క్రికెట్ స్కోరు, ఒక దేశ రాజధాని పేరు, ఇలాంటి వాటికి ఎలా అడిగినా జవాబు వస్తుంది. అయితే యంత్రం భావాన్ని ఊహించేది ఇదివరకు లక్షల మంది అడిగినదాన్ని, చదివినదాన్ని చూసి. మన అవసరం పదిమంది అవసరం లాంటిదైతే ఆ ఊహ కుదురుతుంది. వింత జబ్బు, పాత దస్తావేజు, ఒక్క మండలానికే పరిమితమైన నియమం లాంటివి వెతికేటప్పుడు అదే ఊహ మనల్ని జనం నడిచే దారికి ఈడ్చుకెళ్తుంది. ప్రతిరోజూ వచ్చే ప్రశ్నల్లో 15 శాతం అంతకుముందు ఎన్నడూ ఎవరూ అడగనివని గూగుల్ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. పేచీ ఉన్నది ఇలాంటి చోటే. పైగా యంత్రం భావాన్ని పట్టుకుంటుంది కాబట్టే మన ప్రశ్నలో ఉన్న పక్షపాతాన్ని కూడా పట్టుకుంటుంది.

ఈ చివరి సంగతికి గట్టి రుజువు ఉంది. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తప్పుడు వార్తను చదివినవాళ్లను, అది నిజమో కాదో ఆన్‌లైన్‌లో వెతికి తేల్చుకోమన్నారు. వెతికితే అబద్ధం బయటపడాలి. కానీ వెతికినవాళ్లు దాన్ని నిజమని నమ్మే అవకాశం దాదాపు 19 శాతం పెరిగింది. కారణం వెదికితే ప్రశ్న రాసిన తీరు దగ్గర తేలింది. వార్త శీర్షికనే, లేదా దాని లింకునే తెచ్చి సెర్చ్‌లో పెట్టినవాళ్లకు నమ్మదగని పేజీలు ఎక్కువగా ఎదురయ్యాయి. అబద్ధం పుట్టించినవాడు వాడిన మాటలనే మనమూ వాడితే, ఆ మాటలున్న పేజీలే వస్తాయి, అవి ఎక్కువగా అతని వర్గంవారివే. వాట్సాప్‌లో వచ్చిన "ఫలానా కషాయం షుగర్‌ను పూర్తిగా తగ్గిస్తుంది" అన్న సందేశాన్ని యథాతథంగా కాపీ చేసి వెతికేవారికి జరిగేది ఇదే. "తగ్గిస్తుందా" అని చివర ప్రశ్నార్థకం పెట్టినా పెద్దగా తేడా ఉండదు. అవును, కాదు అని జవాబు చెప్పదగ్గ ఆరోగ్య ప్రశ్నలకు ఫలితాలు "అవును" వైపు మొగ్గుతాయని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు రైన్ వైట్ 2013లోనే చూపించాడు. ఇక్కడ కూడా మందు ఒక్కటే: ఎవరు రాసి ఉంటారని అడగడం. మధుమేహం ఉన్నవాళ్ల తిండి గురించి తెలిసి, అమ్ముకునే సరుకేమీ లేనివారెవరు? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను కొత్తగా ప్రచురించింది. "కషాయం షుగర్" అని అడిగే బదులు ఆ సంస్థ పేరు, మార్గదర్శకాలు, మధుమేహం అని మూడు మాటలు రాస్తే చాలు, మొదటి ప్రశ్నలోని ఆశ రెండో ప్రశ్నలో ఉండదు.

ఎవరు రాశారన్నది తేలాక, ఎప్పుడు రాశారన్నది చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎంత ముఖ్యమో ప్రభుత్వ పథకాల కోసం వెతికే ప్రతివాళ్లకూ తెలియాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరే ఉంది. మందులకు, చికిత్సలకు ఎంత మొత్తం ఇస్తారో తెలుసుకుందామని "ఆరోగ్యశ్రీ" అని వెతికితే రెండు రాష్ట్రాలవి, వేర్వేరు ప్రభుత్వాలవి కలగలిసి వస్తాయి. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. నాలుగున్నరేళ్లపాటు ధరణి గురించి రాసిన వేల పేజీలు మాత్రం నెట్‌లో అలాగే ఉన్నాయి. యంత్రం దృష్టిలో వాటికి లింకులున్నాయి, పలుకుబడి ఉంది. పాతబడ్డాయని వాటి మీద ఎవరూ ముద్ర వేయలేదు. జిల్లాల కథ ఇంకా చిక్కు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. వేటపాలెం 1970కి ముందు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఆ ఊరి గురించి 1960లో రాసిన కాగితంలో బాపట్ల జిల్లా అని ఉండదు. కాలాన్ని బట్టి పేరు మార్చుకుని వెతకాలి.

చిట్కాలు పనికొచ్చేది ఈ ఆలోచన అయ్యాకనే. రాసినవాళ్లు ప్రభుత్వమే అనుకుంటే, ఇంగ్లిషు అక్షరాల్లో సైట్ అని, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా గవ్ డాట్ ఇన్ అని చేరిస్తే ప్రభుత్వ సైట్ల పేజీలే వస్తాయి. ఒక పదబంధం తప్పక ఉండాలనుకుంటే కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. అడ్డొచ్చే మాట ముందు మైనస్ గుర్తు పెడితే అది ఉన్న పేజీలు తప్పుకుంటాయి. ఆఫ్టర్, బిఫోర్ అని రాసి కోలన్ పక్కన సంవత్సరం వేస్తే కాలం హద్దులు ఏర్పడతాయి. నిజానికి వీటన్నిటి కంటే ఎక్కువ సమయం మిగిల్చేది పేజీ తెరిచాక మాట వెతకడం. కంప్యూటర్లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కడం, ఫోనులో ఫైండ్ ఇన్ పేజ్ అనేదాన్ని తాకడం. నూటికి తొంభై మందికి ఇది తెలియదని గూగుల్‌లో వెతుకులాట అలవాట్లను పరిశీలించిన డాన్ రస్సెల్ 2011లో చెప్పాడు. అరవై పేజీల నోటిఫికేషన్‌లో తమ పోస్టు సంగతి కోసం వేలితో పైకీ కిందికీ తోస్తూ విసిగిపోయే ఉద్యోగార్థులకు ఈ ఒక్కటి తెలిసినా ఎంతో మేలు.

తెలుగులో వెతకడం వేరే అధ్యాయం. మన మాటలకు విభక్తులు అతుక్కుని ఉంటాయి. గ్రంథాలయం, గ్రంథాలయానికి, గ్రంథాలయాల్లో అన్నవి మనకు ఒకటే మాట, యంత్రానికి ఒకటిగా కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. పైగా "గ్రంధాలయం" అని థ బదులు ధ తో రాసేవారు లెక్కలేనంతమంది. తప్పని తెలిసినా, వెతికేటప్పుడు ఆ రూపాన్ని కూడా కొట్టి చూడాల్సిందే, ఎందుకంటే మనం వెతుకుతున్నది వాళ్లు రాసిన పేజీని. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా అది ఇంటింటికీ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి. ఆ పేజీల్లో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు. ఇప్పటి తెలుగు అక్షరాలతో వెతికితే అవి తగలవు. అమెరికాకు వెళ్లిన తెలుగువాళ్లు 1990ల్లో ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. ఆ రాతలు దొరకాలంటే వాళ్ల వర్ణక్రమంలోనే అడగాలి. ఇక పాత పుస్తకాల విషయానికొస్తే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి పూనికతో నడిచిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు వల్ల వేల తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. అది మనకు జరిగిన మహోపకారం. కానీ వాటిలో చాలావరకు పుటల బొమ్మలే. లోపలి వాక్యం వెతికితే రాదు. పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఎలా ఎక్కించారో ఊహిస్తేనే పుస్తకం దొరుకుతుంది.

గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కాన్నే తీసుకోండి. తెలుగులో కన్యాశుల్కము, కన్యాశుల్కం అని రెండు రూపాలు. ఇంగ్లిషు అక్షరాల్లో "శు" కోసం కొందరు ఎస్ ఒక్కటే వేస్తారు, కొందరు హెచ్ చేరుస్తారు. గురజాడలో "జా"ను కొందరు జె తో, కొందరు జెడ్ తో రాస్తారు. అమెరికా గ్రంథాలయాల కేటలాగుల్లో మన లిపిని వాళ్ల నియమాల ప్రకారం మారుస్తారు కాబట్టి అప్పారావు పేరు చివర వి, యు ఉంటాయి. వెల్చేరు నారాయణరావు అనువాదం 2007లో వచ్చింది, దాని పేరు గర్ల్స్ ఫర్ సేల్. ఆ నాటకం మీద ఇంగ్లిషులో వచ్చిన చర్చలో కొంత ఈ పేరు మీదే ఉంటుంది. 1897 నాటి మొదటి కూర్పు కావాలా, గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 కూర్పు కావాలా అన్నది మరో ప్రశ్న. తెలుగు పేరు ఒక్కసారి కొట్టి "నెట్‌లో ఏమీ లేదు" అనేవారికీ, ఈ రూపాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చునేవారికీ దొరికే సరుకులో తేడా ఎంతో ఉంటుంది. తెలుగులో రాసినది తక్కువ కాబట్టి ఇంగ్లిషు రానివాళ్లు ఏం చేసినా లాభం లేదని కొందరంటారు. తక్కువన్నది నిజం. అందుకే ఉన్నదాన్ని తేలిగ్గా వదులుకోకూడదు. తెలుగు పేజీలో కనిపించిన ఒక్క శాస్త్రీయ నామాన్నో, సంస్థ పేరునో పట్టుకుని ఇంగ్లిషులో వెతికి, వచ్చిన పేజీని బ్రౌజరులోనే తెలుగులోకి మార్చుకుని చదవడం ఇప్పుడు ఫోనులో కూడా అయ్యే పని.

ఇంత శ్రమ ఎందుకు, ఏఐని అడిగితే తెలుగులోనే జవాబు చెబుతోంది కదా అన్నది ఈనాటి పెద్ద అభ్యంతరం. ఏఐ మనకు చేసే మేలును నేను తక్కువ చేయను. ముఖ్యంగా మాట తెలియనప్పుడు, "ఆకు అంచులు పసుపు రంగు తిరిగి మధ్యలో ఆకుపచ్చగా ఉంటే దాన్నేమంటారు" అని వర్ణించి అసలు మాటను రాబట్టుకోవడానికి అది ఎంతో ఉపయోగం. కానీ జవాబు ఎవరు రాశారన్న ప్రశ్నను అది మన కళ్ల ముందు నుంచి తీసేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల పేర్లను కోర్టు కాగితాల్లో ఉదహరించారు. అలాంటి తీర్పులే లేవని తేలింది, 5,000 డాలర్ల జరిమానా పడింది. 2024 మేలో అమెరికాలో గూగుల్ పేజీ పైభాగాన ఏఐ సారాంశాలు మొదలుపెట్టినప్పుడు, పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమన్న సలహా వచ్చింది. ఎవరో ఏళ్ల కిందట సరదాకు రాసిన మాటను అది వంట సలహాగా తీసుకుంది. రెండు చోట్లా మూలం చూసి ఉంటే నిమిషంలో సంగతి తేలేది. ఏఐ చెప్పిన వాక్యాన్ని వెతుకులాటకు మొదటి మెట్టుగా వాడుకుని, అందులోని పేర్లను, తేదీలను తీసుకుని మూలానికి వెళ్లడమే దాన్ని సరిగ్గా వాడుకునే పద్ధతి.

మూలాన్ని ఎలా తూకం వేయాలి? స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ 2017లో చేసిన ప్రయోగం ఇందుకు దారి చూపిస్తుంది. పదిమంది చరిత్రకారులు, పదిమంది వార్తల నిజనిర్ధారకులు, ఇరవై ఐదుమంది విద్యార్థుల ముందు అపరిచితమైన సైట్లు పెట్టారు. విద్యార్థులు, చరిత్రకారుల్లో చాలామంది సైటులోనే ఉండి, దాని రూపం, భాష, లోగో చూసి తీర్పు చెప్పబోయి మోసపోయారు. నిజనిర్ధారకులు సైటును చదవకుండానే బయటికొచ్చి, వేరే ట్యాబుల్లో దాని గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. వాళ్లకు పట్టిన సమయమూ తక్కువే. పనిపాటలు చేసుకునేవాళ్లకు ఇంత తీరిక ఎక్కడిదని అడిగేవారికి ఇదే నా జవాబు: సరైన పద్ధతికి పట్టే సమయం తప్పుడు పద్ధతి కంటే తక్కువ.

డబ్బు సంగతి వచ్చినప్పుడు ఇలా మూలాన్ని తూకం వేయడం ప్రాణాధారమే. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో కొట్టి, పైన కనిపించిన నంబరుకు ఫోను చేసి ఖాతా ఖాళీ చేసుకున్నవారి గురించి పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. మ్యాప్స్‌లో బ్యాంకు శాఖల నంబర్లు మార్చేసిన కేసులు 2018లోనే మహారాష్ట్రలో బయటపడ్డాయి. పైన ఉన్నది నిజమైనదని అనుకోవడమే ఇక్కడి ప్రమాదం. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని పేజ్, బ్రిన్ తమ 1998 పత్రంలోనే రాశారు. ఆ ఇంజన్ తర్వాత ఆ డబ్బుతోనే పెరిగింది. బ్యాంకు నంబరు ఎవరు రాసి ఉంటారు? బ్యాంకే. అది కార్డు వెనక, పాసుపుస్తకం మీద అచ్చయి ఉంది. సైటు కావాలంటే చిరునామా చివర చూడాలి. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది, కాబట్టి ఎవరు పడితే వాళ్లు కొనుక్కోలేరు. అప్పటికే మోసపోతే వెతుక్కోవాల్సిన నంబరు కూడా లేదు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయాలి.

సూచికలో లేనిదాన్ని మాత్రం ఏ మాటలూ తేలేవు. ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైటు మీభూమిలోని అడంగల్, 1బి గూగుల్‌కు కనిపించవు, సైటుకు వెళ్లి సర్వే నంబరు వేసినప్పుడే అవి తెర మీదికొస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను అందరికీ కనిపించే సైటులో పెట్టడం ఆపేసి, 2024 ఆగస్టులో తిరిగి మొదలుపెట్టింది. ఆ మధ్యకాలపు జీవో దొరక్కపోతే తప్పు వెతికినవారిది కాదు. పాత పత్రికలదీ ఇలాంటి పరిస్థితే. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన సంచికలు బొమ్మలుగా ఉన్నాయి, తేదీ తెలిస్తేనే తెరుచుకుంటాయి. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్న నెహ్రూ ప్రకటనను ఆంధ్రపత్రిక ఎలా అచ్చేసిందో చూడాలంటే, "ఆంధ్రపత్రిక నెహ్రూ ప్రకటన" అని కొట్టడం వృథా. ముందు ఆ ప్రకటన తేదీ వెతకాలి. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15 రాత్రి మరణించారు, నెహ్రూ 19న లోక్‌సభలో ప్రకటించారు. కాబట్టి 20వ తేదీ సంచిక తీయాలి. అది నెట్‌లో లేకపోతే 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికి ఫోను చేసి అడగొచ్చు. తేదీ చెప్పగలిగితే, ఆ సంపుటం తమ దగ్గర ఉందో లేదో అక్కడివాళ్లు వెంటనే చూసి చెప్పగలరు.